పూడని నెర్రె

పోయిన నెల గుంటూరులో ఒక కాలేజీ వాళ్ళు నన్ను మాట్లాడమని పిలిచారు. జియాలజీ చదివే పిల్లలు, ఓ పదిహేను మంది ఉంటారు. ఒకమ్మాయి లేచి, "సార్, క్వారీలో జియాలజిస్టు రోజూ ఏం చేస్తాడండీ?" అని అడిగింది. ముప్పై ఏళ్ళకు పైగా చేసిన ఉద్యోగం, ఒక్క ముక్కలో చెప్పమనేసరికి నీళ్ళు నమిలాను. మ్యాపులు, శాంపిళ్ళు అని ఏదో గొణిగి కూర్చున్నాను. ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఆ అమ్మాయికి అప్పుడు చెప్పాల్సిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

ప్రమోషన్ల సంగతి రాయను. నాకు వచ్చినవే రెండు, ఆ రెండూ జుట్టు నెరిశాక వచ్చాయి. క్వారీ పేరు, యజమాని పేరు కూడా రాయను. అద్దంకికీ దర్శికీ మధ్య ఎక్కడో ఉందని చెబితే చాలు. చుట్టూ పత్తి చేలు, మిరప చేలు, నడుమ మేము తవ్విన గొయ్యి. అందులోంచి బూడిదరంగు గ్రానైటు బ్లాకులు కోసి ఓడలకి పంపేవాళ్ళం. నేను దానికి జియాలజిస్టుని.

చేసే పని నిజానికి ఒక్కటే అమ్మాయ్. ఏ రాయి ఎటు విరగబోతోందో ముందుగా చెప్పాలి. తప్పు చెబితే ఒక్కోసారి బ్లాకు పోతుంది, ఒక్కోసారి మనిషి పోతాడు. తక్కినదంతా కాగితాలు.

వంగిన రాయి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పైన ఒక చీఫ్ జియాలజిస్టు ఉండేవారు. ముక్కు మీద కోపం ఆయనకి. నేను రాసిన మొదటి రిపోర్టు చదివి, "ఇందులో రాయి ఎక్కడుందయ్యా, అన్నీ పేర్లే ఉన్నాయి" అని బల్ల మీద పడేశారు. మర్నాడు పొద్దున్నే జీపెక్కించి పడమటికి, కంభం దాటాక వచ్చే కొండల్లోకి తీసుకెళ్ళారు.

అక్కడ రోడ్డు కోసం కొండని కోసిన చోట, పొరలు పొరలుగా ఉన్న రాయి పైకి లేచి, మెలి తిరిగి, మళ్ళీ కిందకి దిగింది. మడతపెట్టిన దుప్పటిలాగా ఉంది. ఎక్కడా పగులు లేదు. నేను నోరు వెళ్ళబెట్టాను.

"ఏం కనపడుతోంది?" అన్నారు.

"ఫోల్డు సార్."

"పేరు అడగలేదు నిన్ను. ఏం జరిగిందో చెప్పు."

ఆయన జేబులోంచి రెండు మిరపకాయలు తీశారు. దారిలో ఒక రైతుతో మాట్లాడుతూ జీపు ఆపినప్పుడు తీసుకున్నట్టున్నారు. ఒకటి చెట్టునుంచి అప్పుడే కోసిన పండు మిరపకాయ, ఇంకోటి కళ్ళంలో ఎండినది. రెండూ వంచమన్నారు. పండుకాయ వేలి చుట్టూ తిరిగింది. ఎండుకాయ ఫటుక్కున విరిగి గింజలు నా చొక్కా మీద పడ్డాయి.

"రాయీ అంతే. లోతున ఉన్నప్పుడు వేడి. చుట్టూ నాలుగు వైపులా ఒత్తిడి, పగిలి జరగడానికి చోటే లేదు. పైగా దానికి తొందర లేదు, లక్షల ఏళ్ళు టైముంది. అందుకని మెల్లగా వంగుతుంది. అదే రాయి పైకొచ్చి చల్లబడిందనుకో, అప్పుడు నొక్కితే కాసేపు ఓర్చుకుంటుంది. ఇక ఓర్చుకోలేనప్పుడు ఒక్కసారిగా విరుగుతుంది" అన్నారు. ఒంగోలు చుట్టుపక్కల అప్పుడప్పుడు నేల కదిలి అలమరల్లో గిన్నెలు గలగలలాడతాయి చూడండి, అదీ ఇదే. లోపల ఎక్కడో ఒక పాత పగులు, ఎన్నాళ్ళనుంచో బిగబట్టుకుని ఉన్నది, ఒక్క క్షణం జారుతుంది.

ఆయన నాకు ఇంకేం నేర్పకపోయినా ఈ ఒక్కటి చాలు. రాయి చచ్చిన పదార్థం కాదు. మోస్తుంది, నలుగుతుంది, వంగుతుంది, ఓర్చుకుంటుంది. ఆ కొండ ముందు నిలబడ్డ గంటసేపట్లో నాకు ఈ ఉద్యోగం మీద ప్రేమ పుట్టింది. ఇప్పటికీ ఎవరైనా గ్రానైటు గచ్చు మీద నడుస్తుంటే, దాని ఒంట్లో ఎంత బరువు దాగి ఉండేదో వీళ్ళకి తెలియదు కదా అనిపిస్తుంది.

వైరును పట్టేసుకుంది

రెండో పాఠం నేర్పింది మా క్వారీ మేస్త్రి ఏసోబు. బడికి నాలుగేళ్ళు వెళ్ళాడట. తండ్రి, తాత కూడా రాయి కొట్టినవాళ్ళే. సన్నటి మనిషి. చేతులు మాత్రం పలుగుల్లా ఉండేవి.

గ్రానైటుని ఇప్పుడు వజ్రపు పూసలు గుచ్చిన వైరుతో కోస్తారు. అది తిరుగుతూ తిరుగుతూ రాతిలోకి దిగుతుంది, వేలు పట్టేంత సందు పడుతుంది. ఒకసారి నేను గీత గీసి ఇచ్చాను, ఇక్కడ కొయ్యండని. సగం కోశాక సందు మూసుకుపోయింది. వైరు బిగుసుకుని మిషను ఆగిపోయింది. నేను ఆపరేటరు మీద ఎగిరాను. సరిగ్గా నీళ్ళు పెట్టలేదని, వైరు వదులుగా ఉందని నానా మాటలూ అన్నాను.

ఏసోబు అంతా విన్నాడు. "అతన్నెందుకు తిడతారు సారూ? మిషను చేసిందేం లేదు. రాయి ఒళ్ళు విరుచుకుంది, అంతే."

"రాయి ఒళ్ళు విరుచుకోవడం ఏమిటయ్యా?"

"మరి? ఎన్నాళ్ళనుంచో ఇరుకులో ఉంది. మీరు ఒక పక్క ఖాళీ ఇచ్చారు. ఊరుకుంటదా? ముందు ఉత్తరం దక్షిణం కొయ్యనియ్యండి, దాని బిగువు వదిలిద్ది. ఆనక మీ గీత మీద కొయ్యండి, వెన్నలాగా తెగుద్ది."

అలాగే తెగింది. భూమి ఈ రాతిని తూర్పు పడమరలుగా ఎక్కువ నొక్కుతోంది. ఆ ఒత్తిడి రాతిలో నిలవుండిపోయింది. ఒక వైపు ఖాళీ దొరకగానే కాస్త సాగింది, ఆ కాస్తకే సందు పూడింది. దీనికి నా పుస్తకాల్లో పెద్ద పెద్ద లెక్కలున్నాయి. నేను అవన్నీ పాసయ్యాను. గీత గీసేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

ఆ రోజునుంచీ నేను ఏసోబు వెనక తిరిగాను. బ్లాకు మీద సుత్తితో కొట్టి చెవి పెట్టేవాడు. ఖంగుమంటే మంచిది, డొల్లగా పలికితే లోపల పగులుంది. కంటికి కనపడని పగులు పట్టుకోవాలంటే బ్లాకు మీద నీళ్ళు గుమ్మరించి, ఎండనిచ్చి, పక్కన కూర్చుని బీడీ కాల్చుకునేవాడు. రాయంతా ఆరిపోయినా పగులు దగ్గర తడి ఉండిపోతుంది, నల్లటి దారంలా కనపడుతుంది. ఆ దారం మీద జిగురూ రాతిపొడీ నింపి, పాలిషు పట్టి, కొనేవాడి కళ్ళు కప్పే ఘనులు మా వ్యాపారంలో చాలామంది ఉన్నారు. ఏసోబు మాత్రం సుద్దముక్కతో దాని మీద అడ్డంగా గీత కొట్టేవాడు. ఆ గీత చెరపడానికి మేనేజరుకి కూడా ధైర్యం చాలేది కాదు.

నేను నవ్వాను

ఇక నా తప్పు. ఇది చెప్పడానికే మొదలుపెట్టాను, ఇంతసేపూ వాయిదా వేస్తున్నాను.

మా గొయ్యి పడమటి గోడ నూరడుగుల పైన ఉండేది. దాని పై అంచుకి ఇరవై అడుగుల దూరంలో కోటమ్మ గారి చేను మొదలవుతుంది. భర్త పోయాక ఆ రెండెకరాలూ ఆమే చేస్తోంది. పత్తి వేస్తుంది, ఓ మూల మిరప. మా దుమ్ము తన చేను మీద పడుతోందని వారానికోసారి గేటు దగ్గరికొచ్చి దెబ్బలాడి పోయేది. ఆమె గొంతు వినపడితే ఆఫీసులో అందరం ఫైళ్ళలో తలలు దూర్చేవాళ్ళం.

ఒక వేసవిలో, రోళ్ళు పగిలే ఎండల్లో, పొద్దున్నే వచ్చింది.

"సారూ, మా చేలో ఒక నెర్రె ఇచ్చింది. దూడ కాలు పడింది దాంట్లో. ఒకపాలి వచ్చి చూద్దురు రండి."

నేను నవ్వాను. "ఈ ఎండలకి రేగడి నెర్రెలివ్వక ఏం చేస్తుందమ్మా? ఇది కూడా మా క్వారీ మీదే పెడతారా?"

"నెర్రెలు నాకు తెలవ్వా? ఇది అట్టా లేదు. తిన్నగా పోతంది, నాగటిచాలు మాదిరి. మీ గొయ్యెమ్మటే ఉంది."

"వానలు పడితే అదే పూడిపోతుంది లెండి."

ఆఫీసులో మిగతావాళ్ళు కూడా నవ్వారు. ఆమె నా మొహంలోకి ఒకసారి చూసి, చెంగు నెత్తిన వేసుకుని వెళ్ళిపోయింది.

నల్లరేగడి తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. ఆ మట్టి వానకి ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది. వేసవిలో చేనంతా నెర్రెలే, వల పరిచినట్టు అడ్డదిడ్డంగా ఉంటాయి. నేను అద్దంకిలో పెరిగినవాణ్ణి. నెర్రెల్లో గోళీలు పోగొట్టుకోని వాడు మా వీధిలో లేడు. అందుకే నేలలో పగులంటే మాకు భయం ఉండదు, అసలు చూపే ఆనదు. రాతినేల మీద పుట్టి పెరిగిన జియాలజిస్టు ఎవడైనా ఆ కుర్చీలో ఉంటే, క్వారీ అంచున నేల పగిలిందనగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తేవాడు. నేను ఈ మట్టివాణ్ణి కాబట్టే కుర్చీలోంచి లేవలేదు. తిన్నగా పోతోందని ఆమె చెప్పింది. నెర్రె తిన్నగా పోదని నాకు తెలుసు. తెలిసి కూడా చెవిన పెట్టుకోలేదు. నా బుద్ధి గడ్డి తిన్నది, ఇంకేం చెప్పను.

చేను రెండు మెట్లయింది

శ్రావణంలో వానలు గట్టిగా పడ్డాయి. కోటమ్మ గారు మళ్ళీ వచ్చింది. ఈసారి అరవలేదు. అదే నాకు వింతగా తోచింది.

"సారూ, నా చేలో నెర్రెలన్నీ పూడినయ్యి. అదొక్కటే పూడలా. వాన నీళ్ళన్నీ దాంట్లోకే పోతన్నయ్యి. ఎంత పోయినా నిండదు, ఎటు పోతన్నయ్యో తెలవదు." కాస్త ఆగి అంది. "ఇంకోటి. చేను రెండు మెట్లయింది. మీ గొయ్యి వైపుది బెత్తెడు కిందకి దిగింది."

నేను కుర్చీలోంచి లేచాను. ఎండకి ముడుచుకున్న మట్టి రెండు వైపులా ఒకే ఎత్తులో ఉంటుంది. ఒక పక్క దిగిందంటే మట్టి కింద ఉన్నదేదో దిగుతోందన్నమాట.

గడ్డపార పుచ్చుకుని ఇద్దరు పనివాళ్ళతో ఆమె వెనకే వెళ్ళాను. పత్తి మొక్కల మధ్య, ఏదో ఒక మనిషి పొడుగు కాదు, చేను ఈ చివర నుంచి ఆ చివరకి గీసినట్టుంది పగులు. పైన రేగడి తవ్వించాను, దాని కింద గరుకు మొరం తవ్వించాను. కింద రాయి తగిలింది. రాతిలో అదే పగులు. చెయ్యి పెడితే మణికట్టు దాకా దిగింది. లోపలినుంచి చల్లటి గాలి వేళ్ళకి తగిలింది.

అప్పుడు గుర్తొచ్చింది. రెండేళ్ళ కిందట పడమటి గోడకి మ్యాపు వేసినప్పుడు, గోడ అడుగున ఒక పగులు చూశాను. గొయ్యి వైపుకి ఏటవాలుగా ఉంది. దాని పక్కన నా చేత్తో నేనే రాశాను: "మూసుకుని ఉంది, భయం లేదు." కింద ఏటవాలు పగులు, పైన నిలువు పగులు. రెండూ లోపల కలిశాయి. మధ్యలో ఉన్న రాయంతా ఇక దేన్నీ అంటిపెట్టుకుని లేదు. ముందు దాన్ని ఆపుతూ ఉన్న రాతిని బ్లాకులు బ్లాకులుగా కోసి మేమే ఓడెక్కించాం. వాన నీళ్ళు ఆ సందులో నిండి వెనకనుంచి నెడుతున్నాయి. ఆ రాతి పాదం దగ్గర, ఆ నిమిషాన, పద్నాలుగు మంది పని చేస్తున్నారు.

పరిగెత్తుకుంటూ దిగాను. నాకప్పటికి యాభై దాటాయి, మోకాళ్ళు ఎలా సహకరించాయో తెలియదు. ఏసోబుతో అందర్నీ పైకి పంపమన్నాను. అతను గోడ దగ్గరికి వెళ్ళి సుత్తితో నాలుగు చోట్ల కొట్టాడు. ఖంగుమంది.

"గట్టిగుంది సారూ. కంచులాగా పలుకుతంది."

"రాతిలో పగులు లేదు మేస్త్రీ. రాయే మొత్తంగా జరుగుతోంది. నీ సుత్తికి అది తెలియదు."

అతని మొహం ముడుచుకుంది. ముప్పై ఏళ్ళుగా ఆ సుత్తిని అతను గానీ మేము గానీ శంకించలేదు. పైకి ఎక్కాడు. ఆ మెట్టు చూశాడు. మోకాళ్ళ మీద కూర్చుని పగులులో చెయ్యి పెట్టాడు. తర్వాత చేను గట్టు మీద నిలబడ్డ కోటమ్మ గారి వైపు తిరిగి రెండు చేతులూ జోడించాడు.

"నా సుత్తి చెప్పలా తల్లీ ఇది. నువ్వు చెప్పావు" అన్నాడు, కింద గొయ్యిలోకి వినపడేంత గట్టిగా. అక్కడినుంచే గొయ్యిలోకి కేకేశాడు. "ఒరేయ్! ఎక్కడి సామాను అక్కడే పడేసి పైకి రండిరా! అన్నం క్యారేజీల కోసం కూడా ఆగొద్దు!"

నా జీవితంలో నేను చూసిన గొప్పతనం ఏది అని ఎవరైనా అడిగితే, ఆ కేక అని చెబుతాను. పేరున్న మేస్త్రి, తన విద్య ఇక్కడ చాల్లేదని పద్నాలుగు మంది వినేలా ఒప్పుకోవడం మాటలు కాదు. డిగ్రీలున్నవాళ్ళలో అలా ఒప్పుకున్నవాణ్ణి నేను చూడలేదు. నేనూ అందులో ఉన్నాను.

మూడు రోజులు

పగులు మీద అడ్డంగా సన్నటి గాజుపలకలు సిమెంటుతో అంటించాను. పగులు కొంచెం తెరుచుకున్నా గాజు పుటుక్కుమంటుంది. మొదటిది సాయంత్రానికే విరిగింది. చేను అంచున ముళ్ళకంప వేయించి, అటు రావొద్దని కోటమ్మ గారికి చెప్పాను.

మా మేనేజరు చెడ్డవాడు కాదు, కానీ అతనికి ఓడ తేదీ తప్ప ఇంకేం కనపడేది కాదు. ఇంకో రెండు రోజులు పని చేస్తే పెద్ద బ్లాకు ఊడొచ్చేది. "గాజు పగిలితే గోడ పడుతుందా సార్? మా ఇంట్లో వారానికో గ్లాసు పగులుతుంది" అన్నాడు. రిజిస్టరులో రాసి అతని ముందు పెట్టాను, గొయ్యిలోకి మనుషుల్ని దించకూడదని. చదివి సంతకం పెట్టలేదు.

రెండో రోజు ఏమీ జరగలేదు. ఎండ కాసింది. గోడ నిమ్మకు నీరెత్తినట్టుంది. పనివాళ్ళు షెడ్డు కింద కూర్చుని నన్ను ఓరగా చూడటం మొదలుపెట్టారు. పని లేకపోతే వాళ్ళకి కూలి లేదు. "జియాలజిస్టు గారి గోడ ఇంకా పడలేదేందిరా?" అని ఒకడంటే, "గాజు సరిగా అంటుకోలేదేమో, మైదాపిండితో అంటించాల్సింది" అని ఇంకొకడు. అందరూ నవ్వారు. మూడు నెలల కిందట నేను నవ్విన నవ్వు అదేనని నాకు అర్థమైంది. ఒకవేళ వాళ్ళే నిజమేమో అని కూడా అనిపించింది. ఆ సందేహం ఎంత బరువో, అది మోసినవాడికే తెలుస్తుంది. గోడ పడకపోతే నా మాట ఇక ఎవడూ వినడు. పడాలని మాత్రం ఎలా కోరుకుంటాను?

మూడో రోజు తెల్లవారుజామున మళ్ళీ వాన కొట్టింది. నేను వచ్చేసరికి మేనేజరు మనుషుల్ని పోగుచేశాడు. "వైరు మిషనైనా తెచ్చేసుకుందాం. పావుగంట పని. ఆరుగురు చాలు."

నాకు ఒళ్ళు మండిపోయింది. దిగే బాట మొదట్లో అడ్డంగా నిలబడ్డాను. "ముందు మీరు దిగండి. మీరు కిందకెళ్ళి ఆ మిషను మీద చెయ్యి వేసి రండి, అప్పుడు నేనే వీళ్ళని తీసుకెళ్తాను."

"నన్నెందుకు దిగమంటారు?"

"వాళ్ళనెందుకు దిగమంటున్నారు?"

అతని మొహం కందగడ్డయింది. "మీ ఉద్యోగం చూసుకోండి సార్, నేను ఓనరుకి చెప్పాల్సి వస్తుంది" అన్నాడు. చెప్పుకోమన్నాను.

అప్పుడు ఏసోబు వచ్చి బాటకి అడ్డంగా, నా పక్కన, నేల మీద చతికిలబడ్డాడు. బీడీ ముట్టించాడు. "నేను దిగను. నేను దిగంది మీలో ఎవడు దిగుతాడో నేనూ చూస్తా" అన్నాడు పనివాళ్ళతో. ఆరుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, ఒక్కొక్కరే అతని వెనక కూర్చున్నారు. మేనేజరు ఫోను పట్టుకుని షెడ్డు వైపు వెళ్ళిపోయాడు.

పదకొండు గంటలప్పుడు గోడ మీదనుంచి గులకరాళ్ళు రాలడం మొదలైంది. చిటపటమని, ఆగి ఆగి. తర్వాత లోపలినుంచి టక్, టక్ అని రెండు మూడు చప్పుళ్ళు. అందరం లేచి నిలబడ్డాం. పడమటి గోడ విరగలేదు. మొత్తం గోడ, చెక్కు చెదరకుండా, నిలబడ్డది నిలబడ్డట్టే కిందకి జారింది. ఒక్క క్షణం అలా వెళ్ళింది. పాదం నేలకి తగిలాక అప్పుడు పగిలింది. కాళ్ళ కింద నేల అదిరింది. ఆ చప్పుడు చెవులతో విన్నట్టు లేదు, పొట్టలో విన్నట్టుంది. తెల్లటి దుమ్ము లేచి ఎదురుగా ఉన్న మనిషి కనపడలేదు.

ఆ దుమ్ములో ఏసోబు గొంతు వినపడింది. పేరు పేరునా పిలుస్తున్నాడు. పిలిచిన వాడల్లా పలుకుతున్నాడు. పద్నాలుగు అయ్యాయి. మళ్ళీ మొదటినుంచి పిలిచాడు. రెండోసారి సగంలో ఆగాడు. మిగతా పేర్లు నేను పిలిచాను.

దుమ్ము అణిగాక చూస్తే వైరు మిషను ఉన్న చోట ఇల్లంత రాయి ఉంది. మేనేజరు షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడ్డాడు. రిజిస్టరు అతనే తెచ్చి సంతకం పెట్టాడు, నేను అడగలేదు.

కళ్ళంలో

కోటమ్మ గారి చేలో ఒక పట్టె, కాపు పట్టబోతున్న పత్తితో సహా, మా గొయ్యిలో పడింది. నేను వెళ్ళేసరికి ఆమె ముళ్ళకంప ఇవతల నిలబడి ఉంది. నన్ను చూడగానే, "లోపల మడుసులెవరన్నా ఉన్నారా?" అంది.

"లేరమ్మా. అందరూ పైనే ఉన్నారు."

"అమ్మయ్య" అని అక్కడే మట్టిలో కూలబడింది. పత్తి మాట ఎత్తలేదు.

అది ఊరికే వదిలేసే పని కాదని నేను మాత్రం అనుకున్నాను. ఆ చేను మొత్తం క్వారీ వాళ్ళే తీసుకుని, దానికి బదులు రోడ్డు పక్కన వేరే చేను ఆమెకి రాసివ్వాలని యజమాని దగ్గర పట్టుబట్టాను. ఎన్నిసార్లు వెళ్ళి ఆయన వరండాలో కూర్చున్నానో లెక్కలేదు. చివరికి ఇచ్చాడు. నేను పోరినందుకు కాదులెండి, పద్నాలుగు శవాల బదులు రెండెకరాలతో బయటపడ్డానని ఆయనకీ తెలుసు.

ఆ ఏడాదినుంచి రిటైరయ్యే దాకా వానలు పడ్డాక నేను చేసిన మొదటి పని, క్వారీ చుట్టూ ఉన్న చేలన్నీ తిరిగి, ఏ నెర్రె పూడలేదని రైతుల్ని అడగడం. దీన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు నేను. ఇప్పుడు ఫోటోలు తీసే డ్రోన్లు వచ్చాయి, గోడ వెంట్రుకంత కదిలినా చెప్పే రాడార్లు వచ్చాయి. మంచివే, వాడండి. కానీ ఆ చేలో పొద్దున్నించి సాయంత్రం దాకా వంగి పనిచేసే మనిషి చూసినంత దగ్గరగా అవి చూడవు. ఆ మనిషి వచ్చి చెప్పినప్పుడు కుర్చీలోంచి లేవండి. జియాలజిస్టు చేయాల్సిన పని అదే.

మిరప కోతలప్పుడు ఆమె కొత్త చేనుకి వెళ్ళాను. కళ్ళంలో కాయలు తిరగేస్తోంది. ఎర్రటి ఘాటుకి నాకు కళ్ళ వెంట నీళ్ళు. అది ఘాటుకేనని ఆమె అనుకుని ఉంటుంది. కాసేపు పక్కన కూర్చుని, ఎన్నాళ్ళనుంచో అడగాలనుకున్నది అడిగాను.

"కోటమ్మ గారూ, వేసవిలో మీరొచ్చి చెబితే నేను నవ్వాను. ఆఫీసంతా నవ్వింది. అయినా మళ్ళీ ఎలా వచ్చారమ్మా?"

ఆమె చేతిలో పార ఆగలేదు.

"నవ్వుతారనే అనుకుని వచ్చా సారూ. నవ్వితే నవ్వారు. ఇంకో వారం చూసి మళ్ళీ వచ్చేదాన్ని."

ఆ వారం మా గోడకి లేదు. రెండోసారి ఆమె వచ్చి చెప్పిన మూడో రోజునే, పదకొండు గంటలకి, అది పడిపోయింది. రెండోసారి కూడా నేను నవ్వి ఉంటే, ఆమె మళ్ళీ వచ్చేసరికి మా గేటు దగ్గర పద్నాలుగు ఇళ్ళ వాళ్ళు నిలబడి ఉండేవారు. ఆ లెక్క ఆమెకీ తెలుసు. ఒకసారి నా మొహం చూసి, కాయలు తిరగేస్తూనే ఉంది.